దగ్గుమందు సీసా నుండి రెండు గంటల యంత్రము వరకు: క్షయ నిర్ధారణ పద్ధతులపై ఒక విమర్శ

1963వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థవారి బులెటిన్‌లో ఒక వ్యాసము వెలువడినది. దానిని వ్రాసినవారు డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అను ఇరువురు. బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థ పక్షమున తుమకూరు జిల్లా గ్రామములలో క్షయరోగులను కలిసికొని, వారికి తమ బాధ తెలిసినదా, తెలిసిన పిమ్మట వారేమి చేసిరి అను విషయమును పరిశీలించిరి. పల్లెటూరివారు అజ్ఞానులు, దగ్గును లెక్కచేయరు, వైద్యుని వద్దకు పోరు అని అంతకుముందు చదువుకొన్నవారు అనుకొనుచుండిరి. పరిశీలనలో తేలినది వేరు. రోగులలో అధిక సంఖ్యాకులకు తమ వ్యాధి లక్షణములు తెలిసియే యున్నవి. సగముకంటె ఎక్కువమంది ప్రభుత్వ వైద్యశాలలకు పోయియే యుండిరి. అచ్చట వారిలో పెక్కుమందికి లభించినది ఒక దగ్గుమందు సీసా మాత్రమే.

రోగి వచ్చి తలుపు తట్టెను. లోపలివారు తీయలేదు. తప్పు రోగిది కాదు, పరీక్ష చేయని వ్యవస్థది.

ఈ అరువది యేండ్లలో క్షయను గుర్తించు సాధనములు ఎంతో మారినవి. ఒకనాడు వారముల తరబడి పట్టిన పని నేడు రెండు గంటలలో ముగియుచున్నది. అయితే సాధనము మంచిదగుట వేరు, దానివలన రోగికి మేలు కలుగుట వేరు. ఈ రెండును ఒకటే యని తలచుట వైద్యవిజ్ఞాన ప్రచారములో తరచుగా కనబడు దోషము. ఒక పరీక్ష ఏమి చూడగలదు? ఏమి చూడలేదు? అది చూచిన తరువాత ఏమి జరుగుచున్నది? ఈ మూడు ప్రశ్నలను ప్రతి పద్ధతికిని వేసి చూచినగాని దాని విలువ తేలదు.

సూక్ష్మదర్శిని చూచునది, చూడనిది

1882 మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరములో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించెను. స్వల్పకాలములోనే జీల్, నీల్సన్ అను జర్మనీ దేశపు వైద్యులు దానికి రంగు పట్టించు పద్ధతిని చక్కబరచిరి. నేటికిని వారి పేరిటనే ఆ పద్ధతి వాడుకలో నున్నది.

గాజుపలకపై రోగి కఫమును పలుచగా పూసి, ఆరబెట్టి, దానిపై కార్బల్ ఫ్యూక్సిన్ అను ఎర్రరంగును పోసి వేడిచేయుదురు. పిమ్మట గంధకికామ్లముతో కడుగుదురు. ఆమ్లము తగులగనే ఇతర సూక్ష్మజీవులు పట్టిన రంగును వదలివేయును. క్షయ సూక్ష్మజీవి చుట్టును మైనమువంటి కొవ్వుపొర యుండుటచే దాని రంగు పోదు. చివర మిథిలీన్ బ్లూ వేసి చూచినచో నీలి రంగు నడుమ ఎర్రని సన్నని కడ్డీలు కనబడును. కావలసిన సామగ్రి కొంచెము. ఓపికగల ఒక పనివాడు, ఒక మంచి సూక్ష్మదర్శిని యున్న చాలును. కఫములో ఎక్కువ సూక్ష్మజీవులున్న రోగులే ఇతరులకు ఎక్కువగా వ్యాధిని అంటించుదురు. అట్టివారినే ఈ పరీక్ష బాగుగా పట్టుకొనును. పేదదేశములు దీనిని ఇంతకాలము నమ్ముకొనుటకు ఇదియే కారణము.

ఇక దోషములను చూతము. ఒక మిల్లీలీటరు కఫములో ఇంచుమించు 5,000 నుండి 10,000 వరకు సూక్ష్మజీవులున్నగాని సూక్ష్మదర్శినిలో అవి కంటబడుట కష్టము. అంతకు తక్కువ యున్న రోగికి "లేదు" అని జవాబు వచ్చును. చిన్నపిల్లలు కఫమును వెలికి తీయలేరు. హెచ్.ఐ.వి. సోకినవారి కఫములో సూక్ష్మజీవుల సంఖ్య తక్కువగా నుండవచ్చును. వీరిరువురును ఈ పరీక్షకు సులభముగా చిక్కరు. అంతకంటె ముఖ్యమైన లోపము మరియొకటి గలదు. ఎర్రని కడ్డీ కనబడినను, అది ఏ మందునకు లొంగును, ఏ మందునకు లొంగదు అను సంగతిని సూక్ష్మదర్శిని చెప్పలేదు.

ఆ సంగతి చెప్పగలిగినది వర్ధన పరీక్ష, అనగా కఫములోని సూక్ష్మజీవులను ఆహారపదార్థముపై పెంచి చూచుట. ఇది మిల్లీలీటరుకు పది మొదలు నూరు సూక్ష్మజీవులున్నను పట్టుకొనగలదు. కాని దీనికి కాలము చాల పట్టును. ఎందులకో విద్యార్థులు తామే లెక్క వేసికొనవచ్చును. ఒక సూక్ష్మజీవి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అగుచు 24 మారులు రెట్టింపైనచో సుమారు ఒక కోటి 68 లక్షలగును. కంటికి కనబడు చిన్న గుంపు ఏర్పడుటకు ఇట్టి సంఖ్య కావలెననుకొందము. మన ప్రేగులలోని ఈ. కోలై సూక్ష్మజీవి అనుకూల పరిస్థితులలో 20 నిమిషములకొకమారు రెట్టింపగును గనుక దానికి 8 గంటలు చాలును. క్షయ సూక్ష్మజీవి రెట్టింపగుటకు సుమారు 20 గంటలు పట్టును. అదే 24 మారులకు 480 గంటలు, అనగా 20 రోజులు. గట్టి ఆహారపదార్థముపై ఆచరణలో ఇది మూడు మొదలు ఎనిమిది వారముల వరకును పోవును. ఫలితము వచ్చునప్పటికి రోగి కూలి వెదకికొనుచు వేరొక ఊరు చేరియుండును.

మందులకు లొంగకపోవుట ఎట్లు?

పరీక్ష ఆలస్యమైన ఏమి, మందు ఇచ్చుచునే యుండవచ్చును గదా అని అడుగవచ్చును. దీనికి సమాధానము 1948లోనే లభించినది. ఆ యేట బ్రిటన్ దేశపు వైద్య పరిశోధక మండలి స్ట్రెప్టోమైసిన్ ప్రయోగ ఫలితములను ప్రచురించెను. ఆరు నెలలలో మందు పొందిన 55 మందిలో 4గురు, మందు పొందని 52 మందిలో 14గురు మరణించిరి. లోకమంతయు సంతోషించినది. కాని అయిదేండ్లు గడచునప్పటికి మొదటి వర్గమున 32 మంది, రెండవ వర్గమున 35 మంది మరణించియుండిరి. మొదట కనబడిన మేలులో చాలభాగము కరగిపోయినది. రోగుల దేహములలో స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని సూక్ష్మజీవులు పెరుగుటయే ఇందుకు ముఖ్యకారణము.

ఇందలి సూత్రము సులభమైనది. క్షయ సూక్ష్మజీవులు పెరుగునపుడు వాని జన్యువులలో అప్పుడప్పుడు దానంతటదే మార్పు కలుగును. సుమారు పదిలక్షలకు ఒకటి ఐసోనియాజిడ్‌కు, పదికోట్లకు ఒకటి రిఫాంపిసిన్‌కు లొంగనిదై యుండునని లెక్క. రోగి ఊపిరితిత్తిలోని ఒక గుల్లలో పదికోట్ల సూక్ష్మజీవులున్నవనుకొందము. ఐసోనియాజిడ్ ఒక్కటే ఇచ్చినచో వందయైనను మిగులును. మిగిలిన వందయే మరల కోట్లగును. రెండు మందులు కలిపి ఇచ్చినచో రెంటికిని లొంగనిది ఉండుటకు అవకాశము కోటికోట్లకు ఒకటి. పదికోట్ల సూక్ష్మజీవులలో అట్టిది దాదాపు ఉండదు. పెక్కు మందులను కలిపి, మధ్యలో మానకుండ, తగినంతకాలము వాడవలెనను నియమము ఈ గుణకారమునుండియే పుట్టినది.

ఈ లెక్కకు ఒక షరతు గలదు. రోగి దేహములోని సూక్ష్మజీవి ముందే ఐసోనియాజిడ్‌కు, రిఫాంపిసిన్‌కు లొంగనిదైన యెడల, నాలుగు మందులని మనమనుకొని యిచ్చునది నిజమునకు రెండే మందులగును. క్రమముగా ఆ రెంటికిని అది అలవడును. కనుక మందు మొదలుపెట్టుటకు ముందే, ఏ మందు పనిచేయునో తెలిసికొనుట ఆడంబరము కాదు, అవసరము.

"మందు వేసి చూతము" అను పరీక్ష

పరికరములు లేని చోట్ల వైద్యులు చిరకాలముగా ఒక ఉపాయమును వాడుచున్నారు. కఫములో సూక్ష్మజీవి కనబడలేదు, దగ్గు మాత్రము తగ్గలేదు. అప్పుడు సామాన్యమైన ఆంటీబయాటిక్ మందు కొన్నిరోజులు వాడింతురు. తగ్గినచో అది క్షయ కాదు, తగ్గకున్నచో క్షయ కావచ్చును అని నిర్ణయింతురు. అధికారిక మార్గదర్శక సూత్రములలో సైతము ఈ పద్ధతికి చాలకాలము చోటుండెను.

తర్కదృష్టితో చూచినచో ఇది ఎంత బలహీనమైనదో తెలియును. జలుబుతో కూడిన దగ్గు ఏ మందును లేకుండగనే తగ్గవచ్చును. క్షయరోగికి తోడుగా మరియొక సూక్ష్మజీవి సోకియున్నచో, ఆంటీబయాటిక్ వలన కొంత ఊరట కలిగి, అసలు వ్యాధి మరుగునపడును. పైగా లీవోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినొలోన్ జాతి మందు నిచ్చినచో అది క్షయ సూక్ష్మజీవిపైన కూడ పనిచేయును. జ్వరము తగ్గును, రోగ నిర్ధారణ వెనుకపడును, ఒంటరి మందు చేయు అపకారము జరిగిపోవును. మొండి క్షయకు దాచియుంచుకొనవలసిన మందు దగ్గుకై ఖర్చయిపోవును. మలావీ దేశమున జరిగి 2023లో ప్రచురింపబడిన ఒక ప్రయోగము, ఆంటీబయాటిక్ వేసి చూచి క్షయను తేల్చుట నమ్మదగిన పద్ధతి కాదని చూపినది.

నష్టము క్షయతో ఆగిపోదు. మింగిన మందు ఊపిరితిత్తికి మాత్రమే పోదు గదా. ప్రేగులలోను, గొంతులోను ఉన్న కోట్లకొలది సూక్ష్మజీవులను అది తాకును. వానిలో లొంగనివి మిగులును. క్షయ సూక్ష్మజీవి తన నిరోధశక్తిని తన సంతతికి మాత్రమే ఇచ్చును. ఈ. కోలై, క్లెబ్సియెల్లా వంటివి అట్లుగాదు. ప్లాస్మిడ్ అను చిన్న వలయాకారపు డి.ఎన్.ఏ. తునకల ద్వారా ఆ శక్తిని ఇరుగుపొరుగు సూక్ష్మజీవులకును పంచిపెట్టును. 2019లో ప్రపంచమున మందులకు లొంగని బాక్టీరియా వలననే నేరుగా 12 లక్షల 70 వేలమంది మరణించిరని 2022లో వెలువడిన ఒక విస్తృత పరిశీలన అంచనా వేసినది. క్షయను గుర్తింపలేని ప్రతిచోటను వ్యర్థముగా ఖర్చగు ఆంటీబయాటిక్‌లు ఈ విపత్తునకు ఇంధనమగుచున్నవి.

ఈ సంబంధమునకు ప్రత్యక్ష నిదర్శనము 2016లో ప్రచురితమైన ఒక పరిశీలన. ఢిల్లీ, ముంబయి, పాట్నా నగరములలోని 622 మందుల షాపులకు తర్ఫీదు పొందిన మనుష్యులు రోగుల వేషమున పోయిరి. ఒక రకమువారు కొన్ని వారములుగా దగ్గు, జ్వరము అని మాత్రమే చెప్పిరి. రెండవ రకమువారు క్షయ యున్నదని తెలుపు కఫ పరీక్ష కాగితమును చూపిరి. మొదటివారిలో నూటికి 37 మందికి ఆంటీబయాటిక్ అమ్మబడెను. కాగితము చూపినవారి విషయమున అది 16కు తగ్గెను. వైద్యుని వద్దకు పంపుట మొదలైన సరియైన ప్రవర్తన మొదటివారి యెడ నూటికి 13, రెండవవారి యెడ 62. ఏ ఒక్క షాపువాడును క్షయకు వాడు మొదటి తరగతి మందులను తనంతట తాను అమ్మలేదు.

షాపువాడు మారలేదు, చట్టము మారలేదు, రోగి చెప్పిన దగ్గు మారలేదు. మారినది ఒక కాగితము మాత్రమే. ఆంటీబయాటిక్‌ల దుర్వినియోగమును గూర్చి ఎన్ని ఉపన్యాసములు చేసినను కలుగని మార్పు ఒక పరీక్షాఫలితము చేతిలోనుండుటవలన కలిగినది. మంచి పరీక్ష రోగిని మాత్రమే కాక మందును కూడ కాపాడును.

రెండు గంటల యంత్రము

2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీన్ ఎక్స్‌పర్ట్ అను యంత్రముపై నడచు పరీక్షను ఆమోదించినది. కఫమును ఒక ద్రవముతో కలిపి అరచేతిలో పట్టునంతటి కార్ట్రిడ్జిలో పోసి యంత్రములో నుంచుదురు. తక్కిన పనియంతయు యంత్రమే చేయును. అది సూక్ష్మజీవులను పగులగొట్టి, వాని డి.ఎన్.ఏ.లో ఒక భాగమును లక్షలరెట్లు పెంచి, దానిలో మార్పులున్నవేమో చూచును. ఆ భాగము ఆర్.పి.ఓ.బి. అను జన్యువులోని 81 అక్షరముల ముక్క. రిఫాంపిసిన్‌కు లొంగని క్షయ సూక్ష్మజీవులలో నూటికి సుమారు 95 వానికి మార్పు ఈ ముక్కలోనే యుండును. కనుక క్షయ కలదా, రిఫాంపిసిన్ పనిచేయునా అను రెండు ప్రశ్నలకు రెండు గంటలలోపల జవాబు వచ్చును. మిల్లీలీటరుకు సుమారు 130 సూక్ష్మజీవులున్నను అది గుర్తించును. 2017లో వచ్చిన అల్ట్రా అను మెరుగైన కార్ట్రిడ్జి ఇంకను తక్కువ సంఖ్యను కూడ పట్టును. సూక్ష్మదర్శినితో పోల్చిన ఇది అద్భుతమే. కాని పైన చెప్పిన మూడు ప్రశ్నలను దీనికిని వేయవలసియున్నది.

మొదట, అది చూడలేనివి. సూక్ష్మదర్శినిలో కనబడని రోగులలో మొదటి రకపు కార్ట్రిడ్జి నూటికి సుమారు 67 మందిని మాత్రమే పట్టినది. అది ఐసోనియాజిడ్ సంగతి చెప్పదు. చచ్చిన సూక్ష్మజీవి డి.ఎన్.ఏ.ను బ్రతికినదాని డి.ఎన్.ఏ.నుండి వేరుచేయదు గనుక, లోగడ క్షయ వచ్చి నయమైనవారిలో పొరపాటు జరుగవచ్చును. మొండి క్షయకు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఆరు నెలల చికిత్సలో బెడాక్విలిన్ ముఖ్యమైన మందు. మన దేశమును 2024లో ఆ చికిత్సను ఆమోదించినది. కాని బెడాక్విలిన్‌కు లొంగని సూక్ష్మజీవిని ఈ కార్ట్రిడ్జి గుర్తింపజాలదు. కొత్త మందును ఊరూరికి పంపుచు, అది పనిచేయుచున్నదో లేదో చూచు కన్నును మాత్రము పెద్ద ప్రయోగశాలలలోనే యుంచినచో స్ట్రెప్టోమైసిన్ కథ మరల జరుగును.

రెండవది, దాని అవసరములు. యంత్రమునకు ఎడతెగని విద్యుచ్ఛక్తి కావలెను. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెంటీగ్రేడునకు మించరాదు. ఏటేట సరిచూచుకొనవలెను. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండములోనో ఈ షరతులను పాటించుట ఎట్టిదో చెప్పనక్కరలేదు. అక్కడ యంత్రముతోపాటు దానికొక చల్లని గదిని కూడ కట్టవలసివచ్చును. కార్ట్రిడ్జి వెల పేదదేశములకు 2012లో 9.98 డాలర్లుగను, 2023లో 7.97 డాలర్లుగను నిర్ణయింపబడినది. 2023లో ప్రపంచమున కొత్తగా గుర్తింపబడిన క్షయరోగులలో మొదటనే ఇట్టి వేగవంతమైన పరీక్ష పొందినవారు నూటికి 48 మంది మాత్రమే. ఆమోదము లభించి పదమూడేండ్లైనను సగముమందికి అది అందలేదు.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, పరీక్ష తరువాతి సంగతి. దక్షిణాఫ్రికా, జింబాబ్వే, జాంబియా, టాంజానియా దేశములలో 1,502 మందిపై జరిగి 2014లో ప్రచురితమైన ప్రయోగములో, యంత్రమును చిన్న వైద్యశాలలోనే నర్సులు నడిపిరి. అది నూటికి 83 మంది రోగులను పట్టెను. సూక్ష్మదర్శిని 50 మందిని మాత్రమే పట్టినది. అదే దినమున చికిత్స మొదలైనవారు ఒక వర్గమున నూటికి 23, రెండవ వర్గమున 15. అయినను ఆరు నెలల తరువాత ఇరువర్గముల రోగుల ఆరోగ్యములో చెప్పుకోదగిన భేదము లేదు. దక్షిణాఫ్రికాలో ఇరువది ప్రయోగశాలల పరిధిలో సుమారు 4,650 మందిపై జరిగి 2015లో వెలువడిన మరియొక ప్రయోగములోను, ఆరు నెలలలో యంత్రము వాడిన వర్గమున నూటికి 3.9, సూక్ష్మదర్శిని వాడిన వర్గమున 5.0 మరణములు కలిగినను, ఇతర భేదములను సరిచేసి చూడగా మరణములు తగ్గినవని చెప్పుటకు ఆధారము దొరకలేదు.

ఈ ఫలితములను చూచి యంత్రము వృథాయని కొందరు తీర్పు చెప్పిరి. అది తొందరపాటు. సూక్ష్మదర్శిని "లేదు" అన్నవారిలో పెక్కుమందికి అక్కడి వైద్యులు ఎక్స్‌రే చూచి, లక్షణములను బట్టి చికిత్స మొదలుపెట్టియుండిరి. పరీక్షలోని లోపమును వైద్యుని అనుభవము పూరించినది. అట్టి వైద్యుడు, ఎక్స్‌రే లేనిచోట ఫలితము వేరుగ నుండవచ్చును. మరియు అనుభవముతో ఊహించిన వైద్యుడు క్షయ లేనివారికిని నెలలతరబడి మందులు వాడించియుండవచ్చును. మందులకు లొంగని క్షయను ఊహతో కనిపెట్టుట ఎట్టి వైద్యునికిని సాధ్యము కాదు.

యంత్రము వచ్చినది గనుక క్షయ పోవునని ప్రకటించినవారి మాటయు అంతే తొందరపాటు. రెండవ ప్రయోగములో క్షయ యున్నదని తేలినవారిలోనే సుమారు ఆరుగురిలో ఒకరు నెలరోజులలోపల చికిత్స మొదలుపెట్టలేదు. ఇరువర్గములలోను ఇదే కథ. రెండు గంటలలో వచ్చిన జవాబు రోగిని చేరుటకు రెండు వారములు పట్టినచో, ఆ వేగము యంత్రమునకు చెందినదే కాని వైద్యమునకు చెందినది కాదు.

చెడ్డ పరీక్ష, దాని లాభము

మంచి పరీక్ష అందని చోటును చెడ్డ పరీక్ష ఆక్రమించును. రక్తములోని ప్రతిరక్షకములను చూచి క్షయను చెప్పెదమను పరీక్షలు మన దేశమున చాలకాలము విరివిగా అమ్ముడుపోయినవి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వానిని వాడరాదని స్పష్టముగ ప్రకటించెను. ఆనాటికి ఒక్క భారతదేశముననే ఏటా 15 లక్షల అట్టి పరీక్షలు జరుగుచున్నవని అంచనా. 2012 జూనులో కేంద్ర ప్రభుత్వము వానిని నిషేధించినది. రక్తము తీయుట సులభము, కఫము సేకరించుట అసహ్యము. ఫలితము వెంటనే వచ్చును, అందరికిని కొంత లాభము మిగులును. నష్టపోయినవాడు రోగి ఒక్కడే. వ్యాధి లేనివాడు నెలలపాటు మందు మింగెను, ఉన్నవాడు లేదను కాగితముతో ఇంటికి పోయెను.

ఇట్టి భ్రమ పడకుండుటకు విద్యార్థులు ఒక లెక్కను నేర్చుకొనుట మంచిది. 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ సర్వేలో, పదునైదేండ్లు నిండినవారిలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల క్షయ యున్నట్లు తేలినది. ఒక పరీక్ష రోగులలో నూటికి 85 మందిని పట్టుననియు, రోగము లేనివారిలో నూటికి ఇద్దరిని మాత్రమే తప్పుగా రోగులనుననియు అనుకొందము. వినుటకు ఇది చాల మంచి పరీక్షయే. దానిని లక్షమందికి చేసినచో నిజమైన రోగులు సుమారు 269 మంది దొరకుదురు. తప్పుగా రోగులనబడువారు సుమారు 1,994 మంది. అనగా రోగము కలదని చెప్పబడిన ప్రతి ఎనమండుగురిలో ఏడుగురికి రోగము లేదు! దగ్గు, జ్వరము, బరువు తగ్గుట, ఎక్స్‌రేలో మచ్చ మొదలైన లక్షణములున్నవారిని ముందు ఏరి వారికే పరీక్ష చేసినచో ఇదే సాధనము విశ్వాసపాత్రమగును. పరీక్ష విలువ దానిలోనే లేదు, దానిని ఎవరిపై ప్రయోగించుచున్నామను దానిలోను ఉన్నది.

మదరాసు నేర్పిన పాఠము

ఈ విమర్శకు మార్గదర్శకమైన ఉదాహరణ మన దక్షిణదేశముననే కలదు. పూర్వము క్షయరోగులను మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము వంటి శానటోరియములలో నెలలు, సంవత్సరములు ఉంచుచుండిరి. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము లేనిదే నయము కాదని అందరి విశ్వాసము. మదరాసులో 1956లో నెలకొల్పబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు 193 మంది రోగులను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు ఇంటివద్దను, రెండవ వర్గమునకు శానటోరియములోను, ఐసోనియాజిడ్, పాస్ మందులను ఏడాదిపాటు ఇచ్చిరి. 1959లో ఫలితములు వెలువడినవి. ఇంటివద్ద నూటికి 86 మందికి, శానటోరియములో 92 మందికి వ్యాధి అణగినది. ఇరుకు ఇండ్లలో, చాలని తిండితో, పనిపాటలు చేసికొనుచు మందు తిన్నవారికిని దాదాపు అంతే మేలు కలిగినది. ఇంటిలోని ఇతరులకు వ్యాధి అంటుటయు ఎక్కువకాలేదు.

ఆ పరిశోధకులు శానటోరియము మంచిదా యని అడుగలేదు. దానివలన రోగికి అదనముగా కలుగు మేలెంత, అది లేనివాడు ఏమి కోల్పోవుచున్నాడు అని అడిగిరి. ప్రశ్న మారుటచే ప్రపంచమున క్షయ చికిత్స స్వరూపమే మారినది. ఆ ప్రశ్ననే నేడు నిర్ధారణ యంత్రములను గూర్చి అడుగవలసియున్నది.

ఆ దిశగా కొన్ని మంచి అడుగులు పడినవి. గోవాలోని మోల్‌బయో సంస్థ తయారుచేసిన ట్రూనాట్ అను పరికరమును 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించినది. ఇది బ్యాటరీతో నడచును, చల్లని గది అక్కరలేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉంచవచ్చును. దీనికిని లోపములు లేకపోలేదు. డి.ఎన్.ఏ.ను తీయుట ఒక పని, పరీక్షించుట మరియొక పని. క్షయ యున్నదని తేలిన పిమ్మట రిఫాంపిసిన్ కొరకు వేరొక చిప్ వేయవలెను. అనగా శిక్షణ పొందిన చేయి కావలెను. అయినను పల్లెకు పోగలిగిన పరికరము, పట్టణములో నిలిచిపోయిన ఉత్తమ పరికరముకంటె మేలు చేయగలదు.

పరికరము పల్లెకు పోయినంత మాత్రమున పని పూర్తికాదు. పైన పేర్కొన్న జాతీయ సర్వేలోనే, లక్షణములున్నవారిలో నూటికి 64 మంది ఏ వైద్యము కొరకును పోలేదని తేలినది. ఎక్స్‌రే తీయకుండ లక్షణములనే నమ్ముకొన్నచో రోగులలో నూటికి 43 మంది దాదాపుగా తప్పిపోయియుండెడివారు. కనుక ఎవరు దగ్గుచున్నారో ఇంటింటికి పోయి అడుగు ఆరోగ్య కార్యకర్త, కఫమును మోసికొనిపోవు మనిషి, ఫలితమును ఆ సాయంకాలమే రోగికి తెలుపు వ్యవస్థ, మరునాడు మందు సిద్ధముగానుండు బీరువా, ఇవన్నియు కూడ పరీక్షలో భాగములే. వీనిలో ఏ ఒక్కటి లేకున్నను యంత్రము చెప్పిన సత్యము ఎవరికిని ఉపయోగపడదు.

2023లో ప్రపంచమున ఒక కోటి 8 లక్షలమందికి క్షయ సోకినదని, 12 లక్షల 50 వేలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రోగులలో నూటికి 26 మంది మన దేశమువారు. ఆ యేట కొత్తగా గుర్తింపబడినవారు 82 లక్షలు మాత్రమే. మిగిలిన ఇరువది ఆరు లక్షలమందిలో కొందరు ఎక్కడనో దగ్గుచు, ఏదో ఒక షాపులో ఏదో ఒక ఆంటీబయాటిక్ కొనుచు ఉండియుందురు.

వారిని గూర్చి చదువునపుడు ఉపాధ్యాయులు, విద్యార్థులు 1963 నాటి తుమకూరు గ్రామస్థులను జ్ఞాపకముంచుకొనుట అవసరము. రెండు వారములు మించిన దగ్గు ఏ ఇంటనున్నను కఫ పరీక్ష చేయించుకొనుడని చెప్పగలిగినవారు పాఠశాలలోనే యున్నారు. కాని ఆ మాట విని రోగి వైద్యశాల తలుపు తట్టినపుడు, లోపల నున్నవారు అతని చేతిలో పెట్టునది పరీక్షాఫలితమా, మరల ఒక సీసాయా? యంత్రములను, కార్యక్రములను, వ్యవస్థలను విమర్శింపదలచినవారు ఆ చేతిని చూచి తీర్పు చెప్పవలెను.